ఎవర్‌గ్రీన్ ఫాగ్ వేయాలా, క్లేరీ సేజ్ వేయాలా? ఉత్తరం కిటికీ ఉన్న గదికి

ఉత్తరపు గది:

నమస్తే అండీ. డల్లాస్ దగ్గర మా ఇంట్లో మేడ మీది బెడ్‌రూమ్‌కి రంగు మార్చాలి. రెండు ఆకుపచ్చల మధ్య ఆగిపోయాం. రెండూ షెర్విన్ విలియమ్స్ అనే పెయింట్ కంపెనీవే: ఒకటి ఎవర్‌గ్రీన్ ఫాగ్, కోడ్ ఎస్‌డబ్ల్యూ 9130. ఇంకోటి క్లేరీ సేజ్, కోడ్ ఎస్‌డబ్ల్యూ 6178. షాపులో కార్డు ముక్కలు పక్కపక్కన పెడితే ఒకటి కాస్త ముదురు, ఒకటి కాస్త లేత, అంతకు మించి తేడా తెలియలేదు. ఇంటికి తెచ్చి గోడకి ఆనిస్తే ఫాగ్ పొద్దునపూట అచ్చం బూడిద రంగులా ఉంది, సేజ్ రాత్రి లైటు వేశాక పెసరపొట్టులా ఉంది.

గది 12×14 అడుగులు, ఎత్తు 9. కిటికీ ఒక్కటే, 4×5, ఉత్తరం వైపు. ఎదురుగా 10 అడుగుల దూరంలో పక్కవాళ్ళ రెండంతస్తుల ఇల్లు, ఎర్ర ఇటుక గోడ. కింద తేనె రంగు ఓక్ ఫ్లోర్, టేకు మంచం. గోడలకి ఇప్పుడు బిల్డర్ వేసిన లేత గోధుమ రంగు ఫ్లాట్ (మెరుపు లేని) పెయింట్, ఆరెంజ్ పీల్ టెక్స్చర్, అంటే నారింజ తొక్కలా చిన్న బుడిపెలుంటాయి. సీలింగ్, ట్రిమ్ (తలుపు, కిటికీల చుట్టూ ఉండే అంచు) తెలుపు. బల్బులు 2700 కెల్విన్, అంటే పసుపు వెలుతురువి. పగలు ఆఫీసు పని ఈ గదిలోనే, రాత్రి పడకా ఇక్కడే.

ఏది వేస్తే బాగుంటుంది? ఎంత పెయింటు కొనాలి, ఏ ఫినిష్ తీసుకోవాలి?

వెలుగునీడ:

ముందు అంకెలు చూడండి, సగం తేడా అక్కడే బయటపడుతుంది. ఎల్‌ఆర్‌వీ అంటే ఒక రంగు తన మీద పడ్డ వెలుతురులో ఎంత శాతం తిరిగి పంపుతుందో చెప్పే లెక్క. నలుపు సున్నా వైపు, తెలుపు 100 వైపు. ఎవర్‌గ్రీన్ ఫాగ్‌ది 30, క్లేరీ సేజ్‌ది 41. తేడా 11 అంటే చిన్నదే అనిపిస్తుంది గానీ, ఫాగ్ కంటే సేజ్ మూడోవంతుకు పైగా ఎక్కువ వెలుతురు తిరిగి పంపుతుంది. పైగా గదిలో వెలుతురు ఒక్కసారి గోడకి తగిలి కంటికి వచ్చేయదు. ఒక గోడ నుంచి ఇంకో గోడకి, అక్కణ్ణుంచి సీలింగ్‌కి, మళ్ళీ గోడకి తిరుగుతుంది. తగిలిన ప్రతిసారీ కొంత పోతుంది. ఒకే కిటికీ ఉన్న గదిలో అది బాగా తెలిసిపోతుంది.

రెండో తేడా పసుపు. కంపెనీ ఇచ్చే స్క్రీన్ విలువల్లో (తెర మీద ఆ రంగు చూపడానికి కలిపే మూడు రంగుల పాళ్ళు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా) ఫాగ్‌కి ఎరుపు 149, ఆకుపచ్చ 151, నీలం 138. సేజ్‌కి 172, 173, 151. గమనించారా, రెండింటిలోనూ ఎరుపూ ఆకుపచ్చా దాదాపు సమానమే. ఇవి పచ్చగా కనిపించడానికి కారణం ఆకుపచ్చ ఎక్కువ ఉండటం కాదు, నీలం తక్కువ ఉండటం. ఫాగ్‌లో ఆకుపచ్చ కంటే నీలం 13 తక్కువ, సేజ్‌లో 22 తక్కువ. ఆ లోటు పెరిగేకొద్దీ రంగు పసుపు వైపు జరుగుతుంది. కాబట్టి ఫాగ్ బూడిదకి దగ్గర చుట్టం, సేజ్ పెసరపచ్చకి దగ్గర చుట్టం. మీ కళ్ళు మీకు సరిగ్గానే చెప్పాయి.

ఇక వెలుతురు. ఉత్తరం కిటికీలోంచి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, ఆకాశం వెలుతురు. అందులో నీలం పాలు ఎక్కువ. ఫాగ్‌లో ఉన్న కొద్దిపాటి లోటుని ఆ నీలం పూడ్చేస్తుంది, మిగిలేది బూడిదే. సేజ్‌లో లోటు పెద్దది కాబట్టి కొంత పూడినా పచ్చదనం నిలబడుతుంది. రాత్రి 2700 కెల్విన్ బల్బు కింద వ్యవహారం తిరగబడుతుంది. ఆ బల్బులో నీలం తక్కువ. సేజ్ పసుపుకి బల్బు పసుపు తోడై ఖాకీలోకి దిగుతుంది. ఫాగ్‌కి మాత్రం అదే బల్బు కాస్త ప్రాణం పోస్తుంది.

మీ గదిలో అసలు చిక్కు ఆ ఇటుక గోడ. మీ కిటికీ ఉత్తరం చూస్తుందంటే ఎదురింటి గోడ దక్షిణం చూస్తుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు ఎత్తుగా ఉంటాడు కాబట్టి మిట్టమధ్యాహ్నం ఆ గోడ పైభాగానికి ఎండ తగిలి, ఎర్రటి వెలుతురు మీ గదిలోకి వస్తుంది. ఎర్రటి వెలుతురు పడితే ఆకుపచ్చ చచ్చుబడుతుంది, మట్టి రంగు వైపు పోతుంది. డిసెంబరులో డల్లాస్‌లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 34 డిగ్రీల ఎత్తు దాటడు. అప్పుడు మీ ఇంటి నీడే ఆ గోడని చాలావరకు కప్పేస్తుంది, గదిలో ఎరుపు తగ్గి నీలం పెరుగుతుంది. అంటే ఒకే గోడ రంగు వేసవిలో ఒకలా, చలికాలంలో ఒకలా ఉంటుంది. ఈ రెంటికీ తట్టుకోవాలంటే పచ్చదనం కాస్త ఎక్కువ ఉన్నదే కావాలి.

పగలు ఎనిమిది గంటలు కూర్చునే గది అంటున్నారు కాబట్టి నా ఓటు క్లేరీ సేజ్‌కే. కానీ రంగు కంటే ముందు బల్బులు మార్చండి. 3000 కెల్విన్, సీఆర్‌ఐ 90 లేదా ఆపైన ఉన్నవి తీసుకోండి. కెల్విన్ అంకె పెరిగేకొద్దీ వెలుతురులో పసుపు తగ్గుతుంది. సీఆర్‌ఐ అంటే ఆ బల్బు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో 100కి చెప్పే లెక్క. సీఆర్‌ఐ 80 బల్బుల్లో కొన్ని రంగులు నీరసంగా కనిపిస్తాయి, ఇలాంటి మాసిన ఆకుపచ్చలకి ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ చీరకి సరిపోయిందనుకుని ఇంటికొచ్చాక వేరుగా కనిపించడం తెలిసిందే కదా, అందుకే గుమ్మం బయటికి తీసుకెళ్ళి చూస్తారు. గోడని బయటికి తీసుకెళ్ళలేం, బల్బునే సరిచేసుకోవాలి. పాత బల్బు కింద రంగు ఎంచుకుని తర్వాత బల్బు మారిస్తే ఎంచుకున్న పనంతా వృథా.

రోలర్ పట్టు:

పైన చెప్పినదాంతో ఏకీభవిస్తాను, ఒక్క మాట తప్ప. ఫ్లోర్‌ని లెక్కలోకి తీసుకోలేదు. తేనె రంగు ఓక్ అంటే నారింజ. నారింజ పక్కన ఏ ఆకుపచ్చ పెట్టినా కంటికి ఇంకా పచ్చగా కనిపిస్తుంది. టేకు మంచం కూడా అదే పని చేస్తుంది. కాబట్టి ఫాగ్ ఆ గదిలో కాగితం మీది లెక్కంత బూడిదగా ఉండకపోవచ్చు. నమూనా చూడకుండా తేల్చకండి.

నమూనా చూసే పద్ధతిలోనే అందరూ పొరపాటు చేస్తారు. కార్డు ముక్కని గోధుమ రంగు గోడకి ఆనించి చూస్తే, పక్కనున్న ఆ గోధుమే మీ కంటిని తప్పుదోవ పట్టిస్తుంది. లేత గోధుమ పక్కన ఫాగ్ నీలం బూడిదగా కనిపించడానికి సగం కారణం ఆ పాత గోడ. గోడ మీద నేరుగా చిన్న చదరం పూసినా అంతే. పైగా ఆరెంజ్ పీల్ మీద బ్రష్ గీతలు గట్టిపడిపోతే తర్వాత అసలు పెయింట్ కింద నుంచి పైకి కనిపిస్తాయి, వాటిని గరుకు కాగితంతో రుద్దాల్సి వస్తుంది.

ఇలా చేయండి. 2×2 అడుగుల తెల్ల ఫోమ్ బోర్డులు నాలుగు తెచ్చుకోండి, ఒక్కో రంగుకి రెండు. నమూనా డబ్బాలు కొని, బ్రష్‌తో కాదు, 4 అంగుళాల చిన్న రోలర్‌తో రెండు కోట్లు వేయండి. మధ్యలో నాలుగు గంటలు ఆరనివ్వండి. అంచు వరకూ పూయండి, తెల్ల హద్దు వదలకండి. తెలుపు చుట్టూ ఉంటే రంగు ముదురుగా కనిపిస్తుంది. తడిలో కనిపించే రంగుని నమ్మకండి, రాత్రంతా ఆరాక చూడండి.

తర్వాతే ముఖ్యమైన సంగతి. ఒకే రంగు బోర్డులు రెండింటినీ గది మూలలో, పుస్తకం తెరిచి నిలబెట్టినట్టు, రెండు గోడలకీ చెరొకటి ఆనించి టేపు వేయండి. ఆ మూల లోపలికి చూడండి. ఒక బోర్డు రంగు ఇంకో బోర్డు మీద పడి మూలలో పచ్చదనం చిక్కబడుతుంది. నాలుగు గోడలూ పూశాక గది మొత్తం ఆ మూలలా ఉంటుంది. ఒంటరి బోర్డు లేతగా, మెతకగా కనిపించి మోసం చేసేది ఇందుకే.

మూడు చోట్ల చూడండి: కిటికీ ఎదురుగోడ, పక్కగోడ, కిటికీ ఉన్న గోడ. మూడోదే కఠిన పరీక్ష. కిటికీ ఉన్న గోడకి నేరుగా వెలుతురు పడదు, పక్కనే కిటికీ మిలమిల ఉంటుంది కాబట్టి కంటికి ఆ గోడ ఇంకా చీకటిగా తోస్తుంది. ఫాగ్ ఓడిపోతే అక్కడే ఓడిపోతుంది. ఉదయం, మధ్యాహ్నం, లైట్లు వేశాక, మబ్బు పట్టిన రోజున ఒకసారి చూస్తే చాలు. ఫోన్‌లో ఫోటో తీసి పోల్చకండి. కెమెరా వైట్ బ్యాలెన్స్ తనే సర్దేసుకుంటుంది, మీరు చూడాలనుకున్న తేడానే తుడిచేస్తుంది.

ఫినిష్: గోడలకి మ్యాట్ (మెరుపు లేనిది) లేదా ఎగ్‌షెల్ (చాలా కొద్ది మెరుపు ఉన్నది). ఇలాంటి మాసిన రంగుకి మెరుపు ఎంత తక్కువుంటే అంత అందం. ఇంకాస్త మెరిసే సాటిన్ వేస్తే ఆరెంజ్ పీల్ ప్రతి బుడిపె మీదా కిటికీ వెలుతురు మెరిసి, రంగు మీద తెల్లటి పొర కప్పినట్టుంటుంది.

ఉత్తరపు గది:

మీ ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. బల్బులు 3000 కెల్విన్, సీఆర్‌ఐ 90వి పెట్టి, బోర్డులు మూలలో నిలబెట్టి చూశాం. కిటికీ గోడ దగ్గర ఉదయం 9కి ఫాగ్ పలక రంగులా ఉంది, పచ్చ అని ఎవరూ అనరు. అదే చోట సేజ్ నీడన ఎండబెట్టిన కరివేపాకు రంగు. మధ్యాహ్నం పక్కింటి ఇటుక గోడకి ఎండ తగిలినప్పుడు రెండూ కాస్త మట్టిబారాయి, కానీ సేజ్ తొందరగా తేరుకుంది. రాత్రి సేజ్‌లో ఖాకీ చాలావరకు పోయింది, దీపం పక్కన మాత్రం ఇంకా కొద్దిగా ఉంది. కిటికీ ఎదురుగోడ మీద, మంచం పక్కన మాత్రం ఫాగ్ నిజంగా బాగుంది.

సేజ్ ఖాయం చేసుకున్నాం. మావారు మాత్రం ఫాగ్‌ని వదలనంటున్నారు. ఒక గోడకి అది, మిగతా మూడింటికీ ఇది వేయొచ్చా? లేకపోతే రెండూ సగం సగం కలిపితే?

ఇంకో మాట. విజయవాడలో అత్తయ్యగారి ఫ్లాట్‌కి సంక్రాంతి లోపు రంగులు వేయిస్తున్నారు. ఫోటో చూసి ఇదే ఆకుపచ్చ కావాలంటున్నారు. అక్కడ ఎలా దొరుకుతుంది?

వెలుగునీడ:

కలపకండి. మధ్య రంగు ఒకటి వస్తుంది గానీ దానికి కోడ్ ఉండదు. ఆర్నెల్ల తర్వాత గోడకి గీత పడితే మళ్ళీ ఆ రంగు రాదు. మధ్యస్థం కావాలంటే కార్డు మీదే వెతుక్కోవాలి. ఇంకా వెలుతురు కావాలంటే సేజ్ ఉన్న పట్టీలోనే ఒక మెట్టు పైన సాఫ్టెన్డ్ గ్రీన్, ఎస్‌డబ్ల్యూ 6177, ఎల్‌ఆర్‌వీ 49 ఉంది. కానీ మీ బోర్డుల ఫలితం చూస్తే దాని అవసరం కనిపించట్లేదు.

రెండు రంగులూ ఒక మూలలో నేరుగా కలవనివ్వకండి. ఫాగ్ ఆనుకుని ఉంటే సేజ్ ఇంకా పసుపుగా కనిపిస్తుంది, మీరు బల్బు మార్చి తగ్గించుకున్నదే మళ్ళీ తిరిగొస్తుంది. క్లోజెట్ (గోడలోని బట్టల అర) తలుపులకి ఫాగ్ వేయండి. వాటి చుట్టూ తెల్ల ట్రిమ్ ఉంటుంది కాబట్టి రెండు పచ్చల మధ్య తెల్లటి గీత పడి దేని దారి దానిదవుతుంది. తలుపులు కిటికీకి ఎదురుగా ఉంటే మరీ మంచిది, ఫాగ్ మీకు నచ్చింది ఆ గోడ మీదే కదా. ట్రిమ్ కూడా మళ్ళీ వేస్తుంటే, సేజ్ పక్కన ఆలబాస్టర్, అంటే ఎస్‌డబ్ల్యూ 7008 బాగా ఒదుగుతుంది. అందులో కాస్త వెచ్చదనం ఉంది. ఎక్స్‌ట్రా వైట్ లాంటి చల్లటి తెలుపు పక్కన సేజ్ మాసిన బట్టలా కనిపిస్తుంది.

బెజవాడ పెయింట్లు:

విజయవాడ సంగతి నేను చెప్తానండీ. అదే పేరు, అదే కోడ్ పట్టుకుని షాపులో అడిగితే ప్రయోజనం లేదు. ఫోటో చూపించి అడగడం అంతకంటే దండగ. మీరు నమూనా డబ్బాలోది ఒక మందపాటి తెల్ల అట్ట మీద, అరచేయంత మేర, రెండు కోట్లు వేసి ఆరబెట్టి పంపండి. రంగు స్కాన్ చేసే మిషన్ ఉన్న షాపులో దాన్ని పెడితే ఆ కంపెనీ షేడ్లలో దగ్గరిది ఏదో చూపిస్తుంది. కంపెనీ మారితే తెల్ల బేస్ మారుతుంది, కలిపే రంగులూ మారతాయి. కాబట్టి వచ్చేది దగ్గరి చుట్టమే, కవల కాదు. ముందు ఒక్క లీటరు కలిపించి, గోడ మీద 3×3 అడుగుల చదరం వేసి, మర్నాడు చూసుకుని, అప్పుడు మిగతాది తీసుకోండి.

మిషన్‌లోనే కలిపించండి. కొందరు పెయింటర్లు తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ (చిక్కటి రంగు) చుక్కలు వేసి చేత్తో కలిపేస్తారు. మాసిన ఆకుపచ్చ అలా రాదు. ఆకుపచ్చతో పాటు కొద్దిగా నలుపు, కొద్దిగా ఎర్రమట్టి రంగు కొలతగా పడాలి. చేతి కొలతతో రెండో బకెట్టు మొదటి బకెట్టులా ఉండదు, హాల్లో ఒక గోడ ఒక పచ్చ, ఇంకో గోడ ఇంకో పచ్చ అవుతుంది.

అక్కడ వెలుతురు పూర్తిగా వేరు. చాలా ఇళ్ళలో తెల్లటి ట్యూబులైటు 6500 కెల్విన్, కింద తెల్ల టైల్స్. ఆ లైటు కింద ఫాగ్ లాంటి రంగు నీలంగా, ఆసుపత్రి వరండాలా తేలిపోతుంది. సేజ్ మాత్రం తట్టుకుంటుంది. 4000 కెల్విన్ ట్యూబులు పెడితే ఇంకా బాగుంటుంది, పెద్దవాళ్ళకి చదువుకోవడానికీ సరిపోతుంది. దక్షిణపు ఎండ ధారాళంగా వచ్చే గది అయితే అక్కడ ఫాగ్ కూడా నిలబడుతుంది.

గోడ తయారీలో మాత్రం రాజీ పడొద్దని చెప్పండి. బాత్‌రూమ్ వెనక గోడకి చెమ్మ ఉంటే ముందు లీకు ఆపాలి. చెమ్మ మీద వేస్తే నెలల్లోనే ఉప్పు పొడిలా తెల్లగా పైకి తేలుతుంది. లేత క్రీము మీద అది ఓ మోస్తరుగా కలిసిపోతుంది గానీ ఇలాంటి ఆకుపచ్చ మీద బూజులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లప్పం రెండు కోట్లు, ఆరాక గరుకు కాగితం, దుమ్ము తుడిచి ప్రైమర్ ఒక కోటు, తర్వాత ఎమల్షన్ రెండు కోట్లు. రుద్దేటప్పుడు గోడకి పక్కగా టార్చిలైటు పెట్టి చూస్తే అతుకులు తెలుస్తాయి. ప్రైమర్ ఎగ్గొడితే లప్పం పెయింట్‌ని పీల్చేసి ముదురు, లేత మచ్చలు తేలతాయి. నునుపైన గోడ కాబట్టి మెరుపు లేని ఫినిష్ తీసుకోండి. నీళ్ళు డబ్బా మీద రాసినంతే కలపాలి. పెయింట్ సాగుతుందని ఎక్కువ పోస్తే రంగు పలచబడి, మూడో కోటు అడుగుతుంది. మంచి ఎమల్షన్ రెండు కోట్లకి లీటరుకి 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. 100 లెక్కన కొంటే మధ్యలో ఆగిపోరు.

రోలర్ పట్టు:

మీ గదికి లెక్క. చుట్టుకొలత 52 అడుగులు, ఎత్తు 9, మొత్తం 468. గుమ్మం 20, క్లోజెట్ తలుపులు 40, కిటికీ 20 తీసేస్తే 388 చదరపు అడుగులు. రెండు కోట్లకి 776. గ్యాలనుకి 350 నుంచి 400 అంటారు గానీ ఆరెంజ్ పీల్, అందులోనూ బిల్డర్ ఫ్లాట్ పెయింట్ బాగా తాగుతుంది కాబట్టి 350 లెక్కే వేసుకోండి. రెండు గ్యాలన్లు, ఒక క్వార్ట్ (పావు గ్యాలను). తలుపులకి ఫాగ్ ఒక క్వార్ట్ చాలు.

మొదలుపెట్టే ముందు సేజ్ డబ్బాలన్నీ 5 గ్యాలన్ల బకెట్లో పోసి కలిపేయండి. ఒకే రోజు, ఒకే మిషన్ అయినా డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గోడ మధ్యలో డబ్బా మారితే అది గీతలా కనిపిస్తుంది.

గోడంతా ప్రైమర్ అక్కర్లేదు. మేకు రంధ్రాలు పూడ్చిన చోట్ల మాత్రం తప్పనిసరి. లేకపోతే అక్కడ పెయింట్ ఇంకిపోయి, పక్క నుంచి చూస్తే మెరుపు లేని మచ్చలు కనిపిస్తాయి. క్లోజెట్ తలుపులకి పాతది మెరిసే పెయింట్ అయి ఉంటుంది. 220 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, తుడిచి, మెరిసే పెయింట్‌కి పట్టుకునే బాండింగ్ ప్రైమర్ ఒక కోటు వేసి, పైన ఫాగ్ సాటిన్‌లో వేయండి. రుద్దకుండా వేస్తే గోరు తగిలినా తొక్కలా ఊడొస్తుంది.

గోడలకి 9 అంగుళాల రోలర్, అర అంగుళం నూగు ఉన్నది. తక్కువ నూగుది టెక్స్చర్ పల్లాల్లోకి దిగదు, పాత గోధుమ రంగు చుక్కలు చుక్కలుగా మిగిలిపోతుంది. అంచులకి రెండున్నర అంగుళాల ఏటవాలు బ్రష్. గది మొత్తానికి అంచులు ఒకేసారి పూసేసి ఆ తర్వాత రోలర్ మొదలుపెట్టకండి. ఒక గోడ అంచులు, వెంటనే ఆ గోడ రోలర్. అంచు తడిగా ఉండగానే రోలర్ దాని మీదికి రెండు అంగుళాలు ఎక్కాలి. ఆరిపోయాక కలిస్తే సీలింగ్ కింద చుట్టూ ఫోటో ఫ్రేమ్ కట్టినట్టు ముదురు పట్టీ మిగిలిపోతుంది. తెలుపులో ఇది దాగుతుంది, మధ్యరకం ఆకుపచ్చలో దాగదు.

రెండు కోట్ల మధ్య నాలుగు గంటలు. చేతికి ఆరినట్టున్నా పూర్తిగా గట్టిపడటానికి నెల పడుతుంది. అప్పటిదాకా తడిగుడ్డతో గట్టిగా రుద్దొద్దు, మంచం తల గోడకి ఆనించొద్దు.

మిగిలిన పెయింట్‌ని చిన్న గాజు సీసాలో అంచుదాకా నింపి, కోడ్, ఫినిష్, తేదీ రాసి ఇంట్లో పెట్టుకోండి. గరాజ్‌లో పెడితే టెక్సస్ ఎండకి పాడవుతుంది. తర్వాత గీత పడితే, మ్యాట్ అయితే చిన్న రోలర్‌తో ఆ చోటు వరకు అద్దితే సరిపోతుంది. ఎగ్‌షెల్ అయితే అద్దిన చోటు మెరుపు తేడాతో బయటపడుతుంది, మూల నుంచి మూల దాకా ఆ గోడ మొత్తం వేయాలి.